మూగరోగికి పరిచర్య

(సూరత్‌లో జరిగిన తెలుగు ఉపాసకుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మేము మాట్లాడబోయే విషయం తెలిసి కొందరు నవ్వుకున్నారని విన్నాము. ముసలివై, జబ్బుపడిన కుక్కలకు పరిచర్య చేయడం, అవి చనిపోతే కలిగే దుఃఖాన్ని భరించడం ధమ్మసభలో చెప్పుకోదగిన సంగతులా అని వారి సందేహం. మన సంఘానికి మొదటి నుంచి అండగా ఉన్న ఒక పెద్దమనిషి మరింత సూటిగా అడిగారు: "మనల్ని కుక్కలకంటె హీనంగా చూసిన దేశంలో మనం కుక్కల గురించి ప్రసంగాలు చేయాలా?" నవ్వినవారికి జవాబు చెప్పకపోయినా నష్టం లేదు. ఈ ప్రశ్నను మాత్రం దాటుకొని పోకూడదు.

ఆ ప్రశ్న వెనుక చరిత్ర ఉన్నది. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిన రోజున బాబాసాహెబ్ వెంట నడిచినవారు పశువులకున్న హక్కు మనుషులకు లేదన్న సత్యాన్ని లోకం ముందు పెట్టారు. 1931 ఆగస్టులో బొంబాయి మణిభవన్‌లో గాంధీగారిని కలిసినప్పుడు, తనవారిని కుక్కలకంటె, పిల్లులకంటె నీచంగా చూసే చోటును స్వదేశమని ఎలా చెప్పుకోవాలని ఆయన ముఖాముఖి అడిగారు. మన తాతల కాలంలో ఊరి నడిబొడ్డున కుక్క నిర్భయంగా తిరిగేది. మన తాత చెప్పులు చేతపట్టుకొని నడిచేవాడు. ఇది మరచిపోయి జంతుప్రేమ గురించి మాట్లాడేవారి మాట మనకు రుచించదు, రుచించవలసిన అవసరమూ లేదు.

అయితే అదే బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మన చేత పలికించిన 22 ప్రతిజ్ఞలలో పదమూడవది సకల ప్రాణులపట్ల దయ కలిగి వాటిని కాపాడటం. అవమానం అనుభవించినవారి చేతనే ఆయన ఈ మాట అనిపించారు. కుక్క మనల్ని అవమానించలేదు. మనల్ని అవమానించినవారు దాని పేరును తిట్టుగా వాడుకున్నారు, అంతే. కుక్క బతుకు, కుక్క చావు అని మన నోటికి కూడా ఆ తిట్లే పట్టుబడ్డాయి. ఆ బతుకు ఎలాంటిదో, ఆ చావు ఎలాంటిదో దగ్గరగా చూసినవారు ఆ మాటలను అంత తేలికగా వాడరు.

మనం ఉన్న ఈ సూరత్ నగరానికి జంతువుల ఆసుపత్రి విషయంలో ప్రపంచ ఖ్యాతి ఉన్నది. 1689లో ఇక్కడికి వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు తన యాత్రా గ్రంథంలో, వృద్ధాప్యంతోనో రోగంతోనో పనికిరాకుండా పోయిన ఆవులను, గుర్రాలను, మేకలను, కుక్కలను పోషించే ఆసుపత్రిని వర్ణించాడు. ఆ గ్రంథం 1696లో లండన్‌లో అచ్చయింది. పాంజ్రాపోల్ అని గుజరాత్‌లో నేటికీ పిలిచే సంస్థల పూర్వరూపం అది. వర్తకుల ధనంతో నడిచిన ఆ ధర్మకార్యానికి మేము నమస్కరిస్తాము. కాని ఆ గ్రంథంలోనే మరొక సంగతి ఉన్నది. ఆ ఆసుపత్రికి దగ్గరలోనే నల్లులు, గోమార్లు వంటి పురుగులను పోషించే చోటొకటి ఉండేదట. వాటికి ఆహారంగా అప్పుడప్పుడు ఒక పేదవాణ్ణి కూలికి కుదిర్చి, రాత్రంతా అక్కడ పడుకోబెట్టేవారట.

ఆ పేదవాడి పేరేమిటో, కులమేమిటో ఓవింగ్టన్ రాయలేదు. పుణ్యం ధనం ఇచ్చినవారికి దక్కింది, రక్తం కూలివాడు పెట్టాడు. కరుణకు అయ్యే ఖర్చును ఇంకొకడి ఒంటిమీద వేసే ఈ పద్ధతి మూడు వందల ఏళ్ల కిందటితో ముగిసిపోలేదు. దాని సంగతికి మళ్లీ వస్తాము.

తథాగతుని పద్ధతి వేరు. వినయపిటకంలోని మహావగ్గలో ఒక భిక్షువు అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉంటాడు. తోటి భిక్షువులెవరూ పట్టించుకోరు. అతడు ఇతరులకు ఏ సాయమూ చేయలేదు కనుక తామూ చేయలేదని వారి వాదం. భగవానుడు ఆనందుని చేత నీళ్లు తెప్పించారు. తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టి ఎత్తి మంచంమీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయాలని ఆ తరువాతనే చెప్పారు. ముందు చేతులు తడిశాయి, మాట తరువాత వచ్చింది.

అక్కడే పరిచారకునికి ఉండవలసిన అయిదు గుణాలు చెప్పబడ్డాయి. మందు సిద్ధం చేయగలగాలి. ఏది పథ్యమో ఏది కాదో తెలియాలి. లాభాపేక్షతో గాక మైత్రితో చేయాలి. మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తివేయడానికి అసహ్యపడరాదు. రోగికి మాటతో ధైర్యం చెప్పగలగాలి. మంచి రోగికి కూడా లక్షణాలు చెప్పారు. తన బాధ పెరిగిందో తగ్గిందో ఉన్నదున్నట్లు చెప్పడం వాటిలో ఒకటి. ఇక్కడే మన రోగితో చిక్కు. కుక్క తన బాధ చెప్పదు, చాలాసార్లు దాచుకుంటుంది. కనుక మనిషి రోగి దగ్గర చెవితో చేసే పనిని ఈ రోగి దగ్గర కంటితో చేయాలి.

ఈ ధర్మం మన రెండు నేలలకూ పాతదే. జునాగఢ్ దగ్గర గిర్నార్ బండమీద, మన కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలమీద అశోకుని రెండవ శిలాశాసనం ఒకటే చెబుతుంది: మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్స ఏర్పాటు చేశానని, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించానని. గుజరాత్‌కు బతుకుతెరువుకు వచ్చిన తెలుగువారం మనం. మన ఊరి బండా ఈ ఊరి బండా ఒకే మాట చెప్పడం మాకు ఎంతో ఆనందాన్నిస్తుంది. ఇప్పుడు ఈ రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే పశువుల అంబులెన్సుకు కరుణ అని పేరు. 2017లో మొదలైంది. సంక్రాంతికి గాలిపటాల దారాలతో రెక్కలు తెగిన పక్షులకే కాదు, వీధికుక్కకూ అది వస్తుందని మనవారిలో చాలామందికి తెలియదు.

ఇక పరిచర్య సంగతి. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మాలో కొందరు పనిచేసే సాంచాల కార్ఖానా గేటు దగ్గర ఒక నల్లకుక్క ఉండేది. అందరూ కాలూ అనేవారు. కుక్కకు ఆయుర్దాయం సాధారణంగా పది నుంచి పదమూడేళ్లు. వీధిలో పుట్టినది అన్నేళ్లు బతకడం అరుదు. ఇది బతికింది. చివరి రెండేళ్లలో దాని కళ్లకు పొరలు కమ్మాయి, చెవులు వినపడకుండా పోయాయి. సాంచాల చప్పుడులో ముప్పై ఏళ్లు గడిపిన మనవారికీ చెవులు మందమే కనుక ఆ విషయంలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. చెవిటి కుక్కను నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. నేలమీద పాదంతో తడితే ఆ అదురు తెలిసి మేలుకుంటుంది. దీన్ని రాత్రి పాళీ కుర్రవాడొకడు కనిపెట్టాడు. ఏ పుస్తకంలోనూ చదివి కాదు.

తరువాత అది విపరీతంగా నీళ్లు తాగడం, పదేపదే మూత్రం పోయడం, చిక్కిపోవడం మొదలైంది. నోరు వాసన వేసింది. మూత్రపిండాలు చెడ్డాయని పశువైద్యుడు చెప్పాడు. ముసలి కుక్కలలో ఈ జబ్బు తరచు వస్తుంది, నయం కాదు. చర్మం కింద సెలైను ఎక్కించి, తిండి మార్చి కొంతకాలం సుఖపెట్టవచ్చు. మూత్రం పోస్తున్నదని నీళ్ల గిన్నె తీసివేసేవారు ఉన్నారు. అలా చేస్తే అది ఇంకా త్వరగా పోతుంది. చివరికి వెనుక కాళ్లు లేవక పడిపోయినప్పుడు గుడ్డపీలికలు గోనెసంచిలో కూరి పరుపు చేశారు. నాలుగు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే తుంటి దగ్గర పుండు పడుతుంది. పన్నెండు గంటల పాళీ చేసేవారికి నాలుగు గంటలకొకసారి అంటే ఏమిటో బయటివారికి తెలియదు. మూడు పార్లు పంచుకున్నారు. దారం తెగినప్పుడు సాంచా దగ్గర నిలబడినంత శ్రద్ధగా చేశారు.

పురుగులు పట్టిన గాయాల గురించి ఒక మాట. మన వాడలలో వాటిమీద కిరసనాయిలు పోస్తారు, ఫినాయిలు పోస్తారు. ఉద్దేశం మంచిదే. కాని అది పచ్చి మాంసాన్ని కాలుస్తుంది. సెలైనుతో కడిగి, చిమటాతో పురుగులను ఏరి, వైద్యుడు చెప్పిన మందు పెట్టాలి. అలాగే మనం నొప్పులకు మింగే మాత్రలు కుక్కకు వేయరాదు; ఇబుప్రొఫెన్ వంటివి దాని కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తాయి. చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేక, అకారణంగా మీదపడే కుక్క దగ్గరకు పోనే పోకూడదు. అది రేబిస్ కావచ్చు. అక్కడ మైత్రి దూరం నుంచే. ఏ కుక్క కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. మిరపపొడి, సున్నం, తాయెత్తు వద్దు. ఆకుపసరు కూడా వద్దు. పిల్లల ప్రాణాలు ఇలాగే పోతున్నాయి. పరిచర్య చేయదలచినవారు ముందుగానే టీకా వేయించుకోవడం ఇంకా మంచిది.

మందు లేదన్నప్పుడు ఏమి చేయాలి? సూదిమందుతో ప్రాణం తీయించవచ్చునా అని మమ్మల్ని చాలామంది అడిగారు. గుజరాత్ గడ్డమీద ఈ వాదం కొత్తది కాదు. 1926లో అహ్మదాబాదులో ఒక మిల్లు యజమాని వెర్రెత్తి ప్రమాదకరమయ్యాయని అరవై కుక్కలను చంపిస్తే గాంధీగారు సమర్థించారు. 1928లో ఆశ్రమంలో నయంకాని బాధతో ఉన్న దూడకు సూదివేయించి చనిపోనిచ్చారు. రెండుసార్లూ ఆయనకు కోపపు ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. మన వినయంలో మనిషిని చంపడం భిక్షువుకు పారాజికం. ఇతర ప్రాణిని చంపడం దానికంటె చిన్నదైన పాచిత్తియం. చిన్నదన్నారు గాని దోషం కాదనలేదు. కర్మ అంటే చేతన, అనగా సంకల్పమే అని కూడా భగవానుడు చెప్పారు. మా అభిప్రాయం ఇది. ముందు నొప్పి తగ్గించే మందు దొరికే దారులన్నీ వెతకాలి. వైద్యుడు ఇక లేదన్నాక, ఇంటివారు కూర్చొని తమను తాము ఒకటి అడగాలి: దాని బాధ దానికి భరించరానిదా, లేక మనకు చూడరానిదా? రాత్రి నిద్ర చెడుతున్నదని, అద్దె ఇంటి యజమాని కసురుతున్నాడని తీసే ప్రాణానికి కరుణ అని పేరు పెట్టవద్దు. నిజంగా దాని బాధ చూసి, కన్నీటితో నిర్ణయించుకున్నవారిని హంతకులని అనడానికి ఈ సంఘంలో ఎవరికీ అధికారం లేదు. కడదాకా మోసినవారిని నిర్దయులని అనడానికీ లేదు.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన సంగతి. కుక్క చనిపోతుంది. దాన్ని ఎవరు మోస్తారు?

బతికి ఉన్నంతకాలం ఒళ్లో పెట్టుకున్నవారు, ఊపిరి ఆగగానే నాలుగు అడుగులు వెనక్కి వేసి, ఎవరినో పిలవమంటారు. ఆ ఎవరో ఎవరు? ఏ వాడ నుంచి వస్తారు? అందరికీ తెలుసు. చచ్చిన పశువును ఈడ్చడం మన పెద్దల మెడకు కట్టిన పని. ఆ పని వదలమని బాబాసాహెబ్ 1927 నుంచి చెబుతూ వచ్చారు. ఈ రాష్ట్రంలోనే ఊనా దగ్గర మోటా సమఢియాళాలో 2016 జూలై 11న చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్నవారిని కట్టేసి కొట్టారు. ఆ తరువాత దళితులు కళేబరాలు తెచ్చి ప్రభుత్వ కార్యాలయాల ముందు వేసి, మీ గోమాతను మీరే మోసుకోండని చెప్పారు. 2018 ఏప్రిల్‌లో ఆ బాధిత కుటుంబమూ, వందల మందీ అదే ఊళ్లో బుద్ధుని శరణు పొందారు. మన ధమ్మంలోకి వచ్చిన దారులలో కళేబరాల దారి ఒకటి.

అందువల్ల ఈ సంఘంలో మేము ఒక పద్ధతి పాటిస్తున్నాము. ఎవరు పెంచితే, ఎవరు అన్నం పెడితే వారే మోయాలి. కులం మోపిన బరువును దింపివేయడం, ప్రేమించిన ప్రాణిని చేతులతో ఎత్తుకోవడం రెండూ ఒకే వ్యక్తి చేయగలడు. వాటిలో వైరుధ్యం లేదు. స్థలం ఉన్నవారు బావికి, కాలువకు దూరంగా, వీధికుక్కలు తోడలేనంత లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టవచ్చు. అద్దె గదులలో ఉండే మనకు స్థలమెక్కడిది? నగరపాలక సంస్థకు కబురు చేస్తే బండి వస్తుంది. బండి వచ్చినప్పుడు మేడమీద నుంచి చూస్తూ నిలబడకుండా, శుభ్రమైన గుడ్డలో చుట్టి, మన చేతులతో బండిలో పెట్టాలి. వచ్చిన సఫాయి సోదరునికి చేతొడుగులు లేకపోతే ఇవ్వాలి, మంచినీళ్లు ఇవ్వాలి. కాలూను అలాగే పంపారు. బండివాడు, ఇన్నేళ్లలో కుక్కను ఎత్తి ఇచ్చినవారిని చూడలేదన్నాడట.

ఇక దుఃఖం. కుక్క పోతే ఏడుస్తావా అని లోకం నవ్వుతుంది. కుటుంబాన్ని కరీంనగర్‌లోనో, సిరిసిల్లలోనో వదలి ఇక్కడ ఒంటరిగా గదిలో బతికేవానికి, రాత్రి పాళీ దిగి వచ్చేవేళ ఎదురుచూసే ప్రాణి అదొక్కటే కావచ్చు. అది పోతే వాడు పోగొట్టుకున్నది మనకు కనిపించదు. ధమ్మపదానికి ఉన్న అట్టకథలో ఒక గొల్లవాని కుక్క కథ ఉన్నది. ప్రత్యేకబుద్ధునికి రోజూ తోడుగా నడిచి, పొదల దగ్గర మొరిగి మృగాలను తరిమేది. ఆయన ఆకాశమార్గాన వెళ్లిపోతుంటే కనుమరుగయ్యేదాకా మొరిగి, గుండె పగిలి చనిపోయింది. దేవలోకంలో పుట్టి, ఆ కంఠస్వరం వల్ల ఘోసకుడనే పేరు పొందింది. ఎడబాటు దుఃఖం కుక్కకూ ఉంటుందని మన పూర్వులు గుర్తించారు. మరి కుక్కను ఎడబాసిన మనిషికి ఉండటంలో వింత ఏమున్నది?

కథలలో ఒక చిక్కు ఉన్నది. మహాభారతంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క చివరికి ధర్మదేవత. టిబెట్ సంప్రదాయంలో అసంగుడు పన్నెండేళ్ల ధ్యానం తరువాత పురుగులు పట్టిన కుక్కను చూసి, తన తొడ కోసి మాంసమిచ్చి, పురుగులు నలగకుండా నాలుకతో ఎత్తబోతే, ఆ కుక్క మైత్రేయుడై నిలిచింది. మన కార్ఖానా గేటు దగ్గరి కుక్క ఎవరూ కాదు. కుక్కగానే ఉండి కుక్కగానే పోయింది. ఏ దేవుడూ బయటికి రాడని తెలిసి చేసిన పరిచర్య మాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

అది మళ్లీ ఎక్కడ పుట్టిందని అడుగుతారు. ఆత్మ అనేది ఒక దేహం వదలి ఇంకొక దేహంలో దూరుతుందని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. దేహంలోని ధాతువులు లోకంలోని ధాతువులలో కలుస్తాయని బుద్ధుని బోధను ఆయన వివరించారు. కనుక ఫలానా ఇంట మనిషిగా పుట్టిందని చెప్పి డబ్బు గుంజేవారిని నమ్మవద్దు. పిండం పెట్టబోమని ఆరవ ప్రతిజ్ఞలో అన్నాము. కుక్క పేరుతో పదమూడో రోజు చేయడం మొదలుపెట్టవద్దు. త్రిశరణం, పంచశీలం చదివి, మూడు నిమిషాలు మౌనంగా కూర్చుంటే చాలు. పిల్లలను దగ్గర కూర్చోబెట్టండి. కుక్క ఊరికి పోయిందని అబద్ధం చెప్పవద్దు, చనిపోయిందనే చెప్పండి. మరుసటి రోజే కొత్త కుక్కపిల్లను తెచ్చి నోరు మూయించవద్దు.

"ఇంకా ముందు తీసుకుపోయి ఉంటే బతికేదేమో" అన్న మాట ప్రతి ఇంటా వింటాము. శల్యసూత్రంలో చెప్పిన రెండో బాణం ఇదే: మొదటిది మరణం, అది తప్పదు, రెండోది మనమే తీసి మనకే గుచ్చుకునేది. అయితే ఏడవవద్దని మేము చెప్పబోము. కుశీనగరంలో తథాగతుని పరినిర్వాణానికి ముందు ఆనందుడు తలుపు పట్టుకొని ఏడ్చాడు. భగవానుడు అతణ్ణి పిలిపించి, విలపించవద్దని, ప్రియమైనవన్నీ వీడిపోయేవేనని చెప్పారు. అంతటితో ఆపలేదు. ఇన్నేళ్లు నీవు చేతితో, మాటతో, మనసుతో మైత్రిగా సేవ చేశావని అందరి ముందూ మెచ్చుకున్నారు. మనవారిలో ఎవరైనా కుక్కను పోగొట్టుకుని వస్తే మొదటి సగమే చెప్పి పంపుతున్నాము. రెండో సగం కూడా చెప్పాలి: ఇన్ని రాత్రులు పక్క మార్చావు, ఇన్నిసార్లు కడిగావు అని, చేసింది చేసినట్లు లెక్కపెట్టి.

ప్రస్తుతం మన సభ్యులు చూసుకుంటున్న ముసలి కుక్కలు మూడు. ఒకటి డిండోలి వైపు, రెండు ఉధనాలో. డిండోలిలోని దానికి లేవడం లేదు. రాత్రి రెండు గంటల పారుకు మనిషి తక్కువగా ఉన్నారు. వీలున్నవారు సభ ముగిశాక పేరు రాయించండి. టీకా వేసుకోనివారు ముందు అది వేయించుకుని రండి. నమో బుద్ధాయ, జై భీమ్.